పెరటి చెట్టు వైద్యానికి పనికి వస్తుంది

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అనే సామెత మీరు వినే ఉంటారు. చేతికి అందేంత దగ్గరలో ఉన్నదాన్ని చులకనగా చూసే మన బుద్ధిని ఎత్తిపొడవడానికి పెద్దలు పుట్టించిన మాట అది. కాలం గడిచేకొద్దీ మనం ఆ ఎత్తిపొడుపును మరిచిపోయాం. పెరటి చెట్టు నిజంగానే దేనికీ పనికిరాదని నమ్మడం మొదలుపెట్టాం. దొడ్లో మునగ చెట్టు కొట్టించి సిమెంటు చేయించడం, ఆ తరువాత బలం కోసం మందుల షాపులో సీసాలు కొనడం మన ఊళ్లలో మామూలయిపోయింది. ఇది శాస్త్రీయమైన పద్ధతి కాదని నా అభిప్రాయం. ఎందుకు కాదో మీతో కలిసి ఆలోచించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నెల్లూరు కోస్తానే ఉదాహరణగా తీసుకుందాం. కావలి దగ్గరి తుమ్మలపెంట నుంచి మైపాడు, కృష్ణపట్నం మీదుగా పులికాట్ సరస్సు దాకా సముద్రం వెంట ఉన్నదంతా చాలావరకు ఇసుక నేల. సరుగుడు తోపులు, తాటి చెట్లు, జీడిమామిడి, వేరుశెనగ. వాటి మధ్య పాళెం పేరుతో ముగిసే చిన్న చిన్న ఊళ్లు. ఏడాదిలో కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. తుఫానులు కూడా ఆ నెలల్లోనే ఎక్కువ. మిగతా కాలమంతా ఎండ, ఉప్పుగాలి. ఇలాంటి చోట తోట పెంచడం తేలిక కాదు. అయినా ఈ ఊళ్లలో పూర్వం నుంచీ బీరపాదు, గుమ్మడిపాదు, మునగ, కరివేపాకు, నాలుగు మల్లె దుబ్బులు లేని దొడ్డి అరుదు. చేపల పులుసులో కరివేపాకు కొనుక్కొచ్చి వేసిన ఇల్లంటే ఇరుగుపొరుగు నవ్వేవారు!

ఈ దొడ్డికి వైద్యంతో ఏమిటి సంబంధం? మొదట శరీరం సంగతి చూద్దాం.

మన దేశంలో 2019-21 సంవత్సరాల్లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది దాదాపు 59 శాతం. అంటే మీ తరగతిలో ఆడపిల్లలను వరుసగా నిలబెడితే, ఇద్దరిలో ఒకరికంటే ఎక్కువ మందికి ఈ లోపం ఉండే అవకాశం ఉందన్న మాట. మెట్లెక్కితే ఆయాసం, పాఠం వింటుంటే నిద్ర, చిన్న పనికే అలసట. వీటిని మనం బద్ధకం అంటాం. నిజానికి చాలాసార్లు అది బద్ధకం కాదు, రక్తం చాలకపోవడం.

మన ఎముకల మజ్జలో సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్ర రక్తకణాలు తయారవుతూ ఉంటాయి. ఒక్కొక్క కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఈ కర్మాగారం ఆగకుండా నడవాలంటే ఇనుము కావాలి, ఫోలిక్ ఆమ్లం కావాలి, విటమిన్ బి-12 కావాలి, మాంసకృత్తులు కావాలి. వీటిలో ఫోలిక్ ఆమ్లం కథ మనకు బాగా దగ్గరిది.

1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఒక రకం రక్తహీనతను పరిశీలించారు. అప్పటికి తెలిసిన మందులకు అది లొంగలేదు. ఈస్టు సారం తినిపిస్తే తగ్గింది. అందులో ఏదో తెలియని పదార్థం ఉందని ఆమె గుర్తించారు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు 4 టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని కొద్దిపాటిగా వేరుచేసి, లాటిన్ భాషలో ఆకును 'ఫోలియం' అంటారు కనుక దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. చివరకు 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు ఎవరో తెలుసా? 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల వ్యాధి వల్ల తన సోదరులను పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లమే మందయింది. నేడు బడుల్లో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఇదే. ఆ మాత్ర వెనకాల పాలకూర మడి ఉందని గుర్తుంచుకోండి.

ఆకులోనే కాదు, ఆకు మొలిచిన మట్టిలో కూడా మందు ఉంది. తొలకరి చినుకు పడగానే వచ్చే కమ్మటి మట్టివాసనకు ముఖ్య కారణం స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం. ఇదే జాతి సూక్ష్మజీవుల నుంచి 1943లో క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ దొరికింది. సుబ్బారావు ఆధ్వర్యంలో పరిశోధనలు సాగిన లెడర్లీ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టి నమూనాలను పరీక్షించి, అలాంటి మరొక సూక్ష్మజీవి నుంచి 1948లో ఆరియోమైసిన్ మందును లోకానికి అందించారు. అది దొరికిన మట్టి అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి ఒక పొలంలోనిది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి మూలపురుషుడు అదే.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. పెరటి చెట్టు వైద్యానికి పనికి వస్తుందంటే, ప్రతి రోగానికీ పసరు పిండమని కాదు. పాము కరిస్తే ఆకు నమిలి కూర్చోకూడదు. ఆస్పత్రికి పరుగెత్తి విషానికి విరుగుడు సూది వేయించుకోవాలి. కామెర్లు వస్తే కారణం ఏమిటో వైద్యుడు తేల్చాలి. రక్తహీనత ముదిరిపోయాక ఆకుకూర ఒక్కటే దాన్ని నయం చేయదు. మాత్రలు మింగవలసిందే, కడుపులో నులిపురుగులుంటే వాటికీ మందు వేసుకోవలసిందే. తోట చేసేది వేరే వైద్యం. రోగం రాకముందు, రోజూ, కంచంలో జరిగే వైద్యం అది. ఆకుకూరల్లోని ఇనుము మన పేగులకు అంత సులభంగా పట్టదు. దాని మీద నిమ్మకాయ పిండుకుంటే అందులోని విటమిన్ సి వల్ల బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే పట్టే ఇనుము కూడా తగ్గిపోతుంది. ఇలాంటి వివరాలు తెలుసుకుని చేసేదే శాస్త్రీయమైన పెరటి వైద్యం.

ఇక రెండవది మనసు. "చెట్టును చూస్తే రోగం తగ్గుతుందా?" అని మీరు నవ్వవచ్చు. ఈ ప్రశ్ననే రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వేసుకున్నాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయం తీసివేసిన రోగుల రికార్డులు పరిశీలించాడు. కొన్ని గదుల కిటికీలోంచి చెట్లు కనబడేవి. మరికొన్నింటిలోంచి ఇటుక గోడ కనబడేది. వయసు మొదలైన విషయాల్లో పోలిక ఉన్న 23 జతల రోగులను పోల్చి చూస్తే, చెట్లు కనబడినవారు సగటున 8 రోజుల లోపే ఇంటికి వెళ్లారు. గోడ కనబడినవారికి 8.7 రోజులు పట్టింది. ఘాటైన నొప్పి మందులు కూడా మొదటివారికి తక్కువ అవసరమయ్యాయి. 1984లో ఈ ఫలితాలు 'సైన్స్' పత్రికలో వచ్చాయి. ఇది చిన్న అధ్యయనమే. కాని ఆ తరువాత ఎందరో ఈ దారిలో నడిచారు. 2017లో జపాను, బ్రిటను శాస్త్రజ్ఞులు తోటపని గురించిన 20కి పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కకట్టగా, తోటపని చేసేవారిలో దిగులు, ఆందోళన తక్కువగా కనిపించాయి.

దీనికి మాయలూ మంత్రాలూ అక్కర్లేదు. ఉదయపు ఎండ తగులుతుంది. ఒళ్లు వంగుతుంది. మనసు ఒక చిన్న పని మీద నిలుస్తుంది. అన్నిటినీ మించి, నిన్న లేని మొలక నేడు కనబడుతుంది. పరీక్షల్లో మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాడికి "నీవల్ల ఏదీ కాదు" అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ పిల్లవాడు నాటిన చిక్కుడు గింజ మాత్రం ఆ మాట అనదు. నీళ్లు పోస్తే మొలుస్తుంది. నెల్సన్ మండేలా 1982 నుంచి పోల్స్‌మూర్ చెరసాలలో ఉన్నప్పుడు, నూనె పీపాలను సగానికి కోయించి, మట్టి నింపి, మేడ మీద కూరగాయలు పండించాడు. తోటి ఖైదీలకూ, తనకు కాపలా ఉన్న వార్డర్లకూ పంచిపెట్టాడు. ఖైదీకి తన ఇష్టప్రకారం చేయగల పని ఒకటి దొరకడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

మూడవది ఇరుగుపొరుగు. నా దృష్టిలో ఇది అన్నిటికంటే ముఖ్యమైనది, మనం అందరికంటే తక్కువగా గమనించేది కూడా.

తోటకు ఎంత ఎత్తు గోడ కట్టినా అది ఒక ఇంటిది కాదు. గుమ్మడి, బీర, కాకర తీగల మీద మగపూలు వేరు, ఆడపూలు వేరు. మగపూవులోని పుప్పొడిని తేనెటీగ ఆడపూవు మీదకు చేరిస్తేనే పిందె నిలుస్తుంది. లేకపోతే పండి రాలిపోతుంది. ఆ తేనెటీగ మీ గోడను గౌరవించదు. పక్కింటి పూవు మీద నుంచి మీ పూవు మీదకు వస్తుంది. బొప్పాయిలో మగచెట్లు, ఆడచెట్లు విడిగా ఉండే రకాలున్నాయి. మీ ఆడచెట్టు నిండా కాయలున్నాయంటే, దానికి కారణమైన మగచెట్టు వీధి చివర ఎవరి దొడ్లోనో ఉండవచ్చు! అదే విధంగా ఒక ఇంటివారు పురుగుల మందు విచ్చలవిడిగా చల్లితే చచ్చేది వారి తేనెటీగలు మాత్రమే కాదు, వీధి అందరివీ. ఇరుగుపొరుగు పచ్చగా ఉండాలనే నీతివాక్యం ఇక్కడ జీవశాస్త్ర సూత్రం అయింది.

నీటి విషయంలో ఈ సంబంధం మరీ గట్టిది. కోస్తాలోని ఇసుక కింద ఒక విచిత్రం ఉంది. వాననీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. మంచినీటి సాంద్రత ఉప్పునీటి కంటే కొంచెం తక్కువ కావడమే దీనికి కారణం. సముద్రమట్టానికి పైన మంచినీరు 1 మీటరు ఎత్తున ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. దీనికి రెండవ ముఖం కూడా ఉంది. బోరు వేసి పైనున్న నీటిని 1 మీటరు తోడేస్తే, కాలక్రమాన కింద నుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి రాగలదు.

ఈ లెక్కలు తెలియకపోయినా మన పెద్దలకు ఈ కిటుకు తెలుసు. ఇసుక నేలలో లోతు తక్కువగా, వెడల్పుగా గుంట తవ్వి, ఊరిన తియ్యటి నీటిని కుండలతో ముంచి మడులకు పోసేవారు. దాన్నే దొరువు అంటారు. దొరువులో నీరు మెల్లగా ఊరుతుంది. కనుక అత్యాశకు పోయే వీలులేదు. బాపట్లలోని వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతినే మెరుగుపరిచి, పై నీటిని మాత్రమే మెల్లగా గ్రహించే గొట్టాలు అమర్చిన కొత్త రకం దొరువులు రూపొందించారు.

1980ల చివర, 1990లలో కండలేరు పాయ చుట్టుపక్కల, ఇంకా కోస్తాలో చాలాచోట్ల రొయ్యల చెరువులు వచ్చాయి. వాటివల్ల ఎంతోమందికి పని దొరికింది, దేశానికి విదేశీ ద్రవ్యం వచ్చింది. ఇది కాదనలేం. కాని ఉప్పునీరు నిలవగట్టిన చోట పక్కనున్న బావులు ఉప్పబారే ప్రమాదం ఉంది. ఈ సమస్య సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పులో, వ్యవసాయ భూములనూ, గ్రామ ఉమ్మడి అవసరాల భూములనూ రొయ్యల చెరువులుగా మార్చకూడదని కోర్టు ఆదేశించింది. బావి ఉప్పబారితే మొదట చచ్చేది పెరటి తోటే. వేరు చుట్టూ ఉన్న నీటిలో ఉప్పు ఎక్కువైతే, ద్రవాభిసరణ నియమం ప్రకారం వేరు నీటిని పీల్చుకోలేదు. కాళ్ల దగ్గర నీళ్లున్నా మొక్క దాహంతో వాడిపోతుంది. అందుకని తోటను కాపాడుకోవడమంటే ఊరి నీటిని కాపాడుకోవడమే. ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు ఇది.

ఇంతవరకు చదివి మీలో కొందరు అడగవచ్చు: "దొడ్డి ఉన్నవాళ్లకు బాగానే ఉంది, లేనివాళ్ల మాటేమిటి?" ఇది సరైన ప్రశ్న. 2020లో మన రాష్ట్రంలో పేదలకు పంచిన ఇళ్లస్థలాలు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. ఇల్లు కట్టాక దొడ్డికి మిగిలేదేమిటి? నెల్లూరు కోస్తాలో యానాదుల సంగతి ఇంకా ఆలోచించదగ్గది. మూలికల గురించి, అడవి దుంపల గురించి వారికున్న తెలివి పేరుపొందినది. నాడు నెల్లూరు జిల్లాలోనూ, 2022 నుంచి తిరుపతి జిల్లాలోనూ ఉన్న శ్రీహరికోట వారి పాత నివాసం. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది. మనందరికీ అది గర్వకారణం. కాని ఆకులూ వేళ్లూ ఎరిగిన మనుషుల్లో ఎంతోమందికి నేడు ఒక కరివేపాకు మొక్క నాటుకునే సొంత జాగా లేదన్నది కూడా మనం గుర్తుంచుకోవలసిన నిజం.

కాబట్టి "ఇంటింటా తోట పెంచండి" అని ఉపదేశం చేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. తోట ఇంటికే కాదు, ఊరికి కావాలి. దానికి తగిన చోటు మీ బడి. 2019లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో పోషక తోటలు పెంచడానికి మార్గదర్శక సూత్రాలు విడుదల చేసింది. కాగితం మీది సూత్రం మడిగా మారడం మీ చేతుల్లోనూ, మీ మాస్టార్ల చేతుల్లోనూ ఉంది.

"నీళ్లెక్కడివి?" అంటారేమో. మధ్యాహ్న భోజనం తరువాత ఒక్కొక్కరు చెయ్యీ కంచమూ కడిగిన నీళ్లు ఒక లీటరు అనుకుంటే, 200 మంది ఉన్న బడిలో రోజుకు 200 లీటర్లు. ఇది కాలవలోకి పోయి దోమలను పెంచుతోంది. దాన్ని ఒక పాయగా తీసి అరటి, మునగ, తోటకూర మడులకు మళ్లించండి. "ఇసుకలో ఏం పెరుగుతుంది?" అంటారు. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి. అందువల్ల నీరు నిలవదు. ఆకులూ, పేడా కుళ్లిన ఎరువు కలిపితే అది స్పంజిలాగా నీటిని పట్టి ఉంచుతుంది. సరుగుడు రాలుగడ మడి మీద కప్పితే ఎండకు తడి ఆరదు. చెట్టు పక్కన పాత మట్టికుండ మెడ దాకా పాతి నీళ్లు నింపితే, కుండ గోడల్లోంచి నీరు మెల్లగా వేరుకు అందుతుంది. "చదువు పాడవుతుంది" అనేవారికి చెప్పండి: ద్రవాభిసరణం, పరాగ సంపర్కం, సూక్ష్మజీవులు, సాంద్రత ఇవన్నీ మా పాఠాలే, నల్లబల్ల మీద కాకుండా మడిలో చదువుతున్నాం అని.

ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెట్టండి. నాలుగు గిన్నెల్లో తడిగుడ్డ పరిచి, ఒక్కొక్క దానిలో 20 పెసలు పెట్టండి. మొదటిదానికి వాననీరు, రెండవదానికి మీ ఊరి బోరునీరు, మూడవదానికి లీటరు వాననీటికి 5 గ్రాముల ఉప్పు కలిపిన నీరు, నాలుగవదానికి 10 గ్రాముల ఉప్పు కలిపిన నీరు పోయండి. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటాయని గుర్తుంచుకోండి. నాలుగవ నాడు మొలకలు లెక్కపెట్టి పట్టిక వేయండి. మీ బోరునీరు ఏ గిన్నెకు దగ్గరగా ఉందో దానివల్ల తెలుస్తుంది. ఆ పట్టికను పంచాయతీ ఆఫీసుకు తీసుకువెళ్లి చూపించండి. వివరంగా పరీక్ష చేయించమని అడగడానికి మీకు ఒక ఆధారం దొరుకుతుంది.

తరువాత, తరగతికి ఒక విత్తనాల పెట్టె పెట్టండి. బీర, సొర, గుమ్మడి, గోంగూర, ఏది ముదిరితే దాని గింజలు ఎండబెట్టి, బూడిద కలిపి, పొట్లం మీద ఊరు, నెల రాసి అందులో వేయండి. కావలసినవారు తీసుకుంటారు. మరుసటి పంటలో ఒక పొట్లం తిరిగి వేస్తారు. ఇంటి దగ్గర దొడ్డి లేని పిల్లలకు బడిలో తలా ఒక మడి ముందుగా ఇవ్వండి. ఆ మడిలో పండింది వాళ్లే ఇంటికి తీసుకుపోవాలి. దయతో ఇచ్చే దానంగా కాదు, తోటలో వారి వాటాగా. మీ ఊళ్లో మొక్కల పేర్లు బాగా తెలిసిన యానాది పెద్దలుంటే, ఒకనాడు బడికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టి, వారు చెప్పేది నోటు పుస్తకంలో రాసుకోండి. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని వృక్షశాస్త్రం అది.

ఈశాన్య రుతుపవనాల వాన మొదలయ్యేలోగా మడులు సిద్ధంగా ఉండాలి. పారలు దొరక్కపోతే పాత రేకు డబ్బాలతోనైనా సరే, ఈ వారమే ఒక మూల తవ్వడం మొదలుపెట్టండి.